కూసోరాదు అంటే కూర్చోమనా, వద్దనా?

దుబాయ్, దోహా, రియాద్, ఏడికి పోయినా మన ఊళ్లల్ల అది దుబాయే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఇటు పరకాల, నర్సంపేట నుంచి పోయినవాళ్లు ఆరుగురో ఎనమండుగురో ఒకే రూముల సర్దుకుంటారు. పక్క మంచం కోనసీమాయనది కావచ్చు, కువైట్‌లోనైతే రాయచోటి ఆయనది. సెలవుకు ముందటి రాత్రి ఫోన్ల సినిమా పెడితే, అయిపోయినంక కథ మీద లొల్లి ఉండదు, ఒక్క జోకు మీద ఉంటుంది. "గండ్ల నవ్వేందుకు ఏమున్నదే?" అని ఒకరు, "నీకు అర్థం కాలే" అని ఇంకొకరు. చాలాసార్లు ఇద్దరికీ అర్థమైంది. కాకపోతే ఇద్దరూ విన్నది వేరే వేరే జోకులు.

ఒక సీను అనుకుందాం. చుట్టం వాకిట్లకు వచ్చి చెప్పులు విడుస్తడు. ఇంటాయన "కూసోరాదు" అంటడు. చుట్టం కూర్చోడు, అట్లనే నిలబడతడు. ఓరుగల్లు దిక్కు ఆ మాట బతిమాలుడు: "జర కూసోరాదు", "ఇంత తినరాదు". పుస్తకాల తెలుగుల అదే 'రాదు' నిషేధం. బస్టాండు గోడ మీద "ఇచ్చట ఉమ్మివేయరాదు" అని రాసినట్టు. చుట్టం చెవికి పడ్డది ఈ అర్థమే. కోనసీమాయనకు రెండర్థాలు ఒక్కసారే తగులుతయి, వెంటనే నవ్వుతడు. హన్మకొండాయన చెవికి అది రోజూ ఇంట్ల వినే మర్యాద. చుట్టం ఎందుకు నిలబడ్డడో తెలిసినంకనే నవ్వు వస్తది, అదీ రెండు సెకన్లు ఆలస్యంగా. ఆ రెండు సెకన్లలోనే "నీకు నవ్వు రాలేదంటే..." అనే మాట మొదలవుతది.

ఇక్కడ దాకా పేచీ లేదు. అదే మాటను మూతి వంకర తిప్పే నౌకరుకో రౌడీకో ఇచ్చి, 'రాదు'ను సాగదీయిస్తే సంగతి మారుతది. ఏండ్ల తరబడి మన తెలంగాణ యాసను సినిమాలు ఎక్కువగా అసొంటి పాత్రలకే ఇచ్చినయి. అప్పుడు జనం నవ్వేది రెండర్థాలకు కాదు, మాట్లాడే తీరుకు. తేడా పట్టుకునేందుకు సులువైన పరీక్ష ఉంది. ఆ డైలాగును మామూలు తెలుగుల చెప్పి చూడండి. నవ్వు నిలిస్తే అది సందర్భంలో ఉన్నది. నవ్వు పోతే, ఆ మాటకు నిజంగా రెండో అర్థం ఉన్నదా అని చూడాలి. అర్థం ఒక్కటే ఉండి కూడా హాలు నవ్విందంటే, ఆ నవ్వు యాస మీదిదే. దాన్ని నచ్చలేదన్న మనిషిని "జోకును జోకులెక్క తీసుకో" అనుడు తప్పు. 2023ల వచ్చిన బలగం సిరిసిల్ల దిక్కు మాటతోనే మొత్తం నడిచింది. అందులో నవ్వు మనుషుల పట్టుదలల నుంచి పుట్టింది, యాసను ఎవరూ వెక్కిరించలేదు.

దుబాయ్ నుంచి వచ్చిన మనిషి పాత్ర మీద ఇంకా గట్టిగ తగువు పడుతది. నల్లద్దాలు, సెంటు, మెడల గొలుసు, ఊరంతా వెంట. ఊళ్లె కూసున్నోళ్లకు నవ్వు. వందకు రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి వీసాకు కట్టినోడికి, అంటే లక్షకు నెలకు 2,000 మిత్తి కట్టేటోడికి, ఆ గొలుసు దగ్గర నవ్వు రాదు. అతను నవ్వేది ఊరికి పోయేటప్పుడు సామాన్ల అట్టపెట్టె, అంటే కార్టన్, కట్టేకాడ. టికెట్ మీద 30 కిలోలుంటే కొక్కెం తరాజుకు తగిలించి 31 చూస్తరు, పాల పొడి డబ్బా తీస్తరు, తూస్తరు, టైగర్ బామ్ సీసాలు లుంగీల చుట్టి మళ్ల పెడతరు. మెత్తటి దుప్పటి ఒక్కటే నాలుగైదు కిలోలు తింటది. టేపు వేసి, నైలాన్ తాడు అడ్డం నిలువు బిగించి, మార్కర్‌తో పేరు, ఊరు రాసినంక "సబ్బులు మరిచిపోయినం" అని ఎవరో అంటరు. ఇది సరిగ్గ తీసిన సీనుకు రూమంత పడిపడి నవ్వుతది.

తెలుగు రాని రూమోళ్లకు చెప్పేటప్పుడు మాట కంటే ముందు వరుస చెప్పాలె. మేనమామ బిడ్డను మరదలని ఏడిపించే జోకు బీహారాయనకు హిందీల చెప్తే ముఖం మాడ్చుకుంటడు. వాళ్ల దిక్కు హిందువులల్ల మామ బిడ్డంటే చెల్లెలే. పాకిస్తానాయనకు ఆ చిక్కు లేదు, వాళ్లల్ల ఆ పెండ్లిళ్లు మామూలే. ఇద్దరికీ ఒకేసారి చెప్పి, ఒకరు నవ్వి ఇంకొకరు నవ్వలేదని జోకును తప్పుపట్టొద్దు.

కొన్నిసార్లు తప్పు జోకుది కాదు, ఫోనుది. బ్లూటూత్ స్పీకర్ల శబ్దం సెకనులో ఐదో వంతు దాకా వెనుకబడొచ్చు. నటుడి ముఖం మారినంక మాట వస్తే పంచ్ చస్తది. వైరు పెడితే ఆ గొడవ పోతది. సబ్‌టైటిల్ మాటకంటే ముందే పడితే చదివినోడు ముందే నవ్వి, మిగిలినోళ్ల వినికిడి చెడగొడతడు. స్పీడ్ 1.25 పెడితే మాట తెలుస్తది, ఆగిన సందు మాత్రం కురచ అయితది. రీల్‌ల ముప్పై సెకన్ల ముక్క చూసి తీర్పు చెప్పుడు అన్నిటికంటె పెద్ద పొరపాటు. వాదం తెగకపోతే సినిమాను వెనక్కి జరపండి. పది సెకన్లు చాలవు, చుట్టం వాకిట్ల చెప్పులు విడిచిన కాడికి పోవాలె.