పదింటికే విజిల్

2021 జూన్ ఒకటో తారీకు. ఖతార్ రాజధాని దోహాలో మా సైట్లో పొద్దున్న పదింటికే విజిల్ ఊదేశారు. ఇనుము కట్టే మేమంతా దిగాలా వద్దా అని మొహాలు చూసుకున్నాం. అంతకు ముందు వేసవుల్లో పదకొండున్నర దాకా దిగనిచ్చేవారు కాదు, అదీ జూన్ సగం నుంచి ఆగస్టు ఆఖరు వరకే. ఖతార్ ప్రభుత్వం కొత్త ఉత్తర్వు ప్రకారం సెప్టెంబరు 15 దాకా, పది నుంచి మూడున్నర వరకు ఎండలో పని బంద్. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాల్సిందే.

కోనసీమ వాడికి ఉక్కపోత కొత్త కాదు. ఆకు కదలని వైశాఖంలో కొబ్బరితోటలో చొక్కా పిండితే నీళ్లు కారతాయి. కానీ పక్కనే కాలవ, నెత్తిన చెట్టు నీడ. దోహాలో చువ్వ పట్టుకుంటే గ్లవ్స్‌లోంచే అరచెయ్యి చురుక్కుమనేది. కళ్లు తిరిగి పడిపోయిన కుర్రాడికి ఓఆర్ఎస్ పొట్లం చేతిలో పెట్టి, ఆ పూట జీతం కోసేసిన కంపెనీ మాది. ఆ కంపెనీయే, ఆ సూపర్‌వైజరే, ఆ జూన్లో నోరెత్తకుండా పని ఆపారు. జాలి పుట్టి కాదు. లేబర్ మినిస్ట్రీ వాళ్లు తనిఖీకొచ్చి సైటు మూయిస్తారని.

పాస్‌పోర్టు సంగతి చూడండి. యజమాని దాచుకోకూడదని 2015 నాటి ఖతార్ చట్టంలోనే ఉంది, 25,000 రియాళ్ల దాకా జరిమానా కూడా. మావన్నీ ఆఫీసు బీరువాలోనే ఉండేవి. మా అమ్మ పోయినప్పుడు నాది చేతికొచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. పెద్దకర్మకి అందుకున్నాను గానీ అమ్మ మొహం చూడలేదు. ఎండను వచ్చి చూశారు, బీరువాను ఎవరూ వచ్చి చూళ్లేదు.

వ్యాపారాల వల్ల మనుషుల హక్కులకు చేటు రాకుండా కాపాడటం ప్రభుత్వం బాధ్యత. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాల్లో మొదటిది ఇదే. చట్టం రాస్తే సరిపోదు. ముందే ఆపాలి, జరిగితే విచారించాలి, శిక్షించాలి, నష్టపోయినవాడికి న్యాయం చెయ్యాలి.

ఈ బాధ్యత ఒక్క గల్ఫ్ దేశాలదే అంటే నేనొప్పుకోను. 2018లో నేను వెళ్లేటప్పుడు మన చట్టం లెక్కన ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి 90,000 కట్టాను. రసీదు లేదు. ఏడాది పైనే ఆ అప్పుకి పనిచేశాను.

మొన్న పక్కింటి కుర్రాడొచ్చాడు. "బాబాయ్, ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడంట, వెళ్లాక మారుస్తాడంట. లక్షా ఇరవై అడుగుతున్నాడు."

వాడు టెన్త్ తప్పాడు, పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ముందు మన ప్రభుత్వం అనుమతి, ఎమిగ్రేషన్ క్లియరెన్సు, తీసుకోవాలి. అది తప్పించడానికే ఆ విజిట్ వీసా. ఫోన్లో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచి లైసెన్సున్న ఏజెంట్లలో ఆ పేరు వెతికాం. లేదు. బోర్డు మాత్రం మెయిన్ రోడ్డు మీదే, అందరికీ కనపడేట్టు ఉంది.

ఇద్దరం కూర్చుని, విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల సంగతి చూసే ప్రభుత్వ అధికారి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కి ఫిర్యాదు రాశాం. బోర్డు ఫొటో, అడిగిన డబ్బు, వాట్సాప్ మెసేజీలు అన్నీ జతచేసి పంపాం. ఎవరైనా వచ్చి చూస్తారని ఎదురుచూస్తున్నాం.