మతిమరుపు లేని జబ్బు

ఆదివారం

పొద్దున్నే పిన్ని ఫోను. బాబాయి మళ్లీ బెల్లం డబ్బా ఖాళీ చేశాడట.

వెళ్లేసరికి వరండాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే, నేనెప్పుడో అమ్మేసిన బండి నంబరు గడగడా చెప్పాడు. ఇంతలో ఎదురింటావిడ వచ్చింది. భర్త పోయి ఇంకా నెల కాలేదు. "పెన్షనెంత వస్తోంది?" అని అడిగి నవ్వాడు. ఆవిడ మొహం మాడిపోయింది. బాబాయి మళ్లీ పేపరు తిరగేశాడు.

వంటింట్లో పిన్ని ఒకటే గొడవ. "అన్నీ గుర్తున్నాయి కదరా! మరి ఇదంతా కావాలని చేస్తున్నట్టే కదా?"

చుట్టాలందరి మాటా ఇదే. డిమెన్షియా అంటే మతిమరుపేనని మనవాళ్ల లెక్క. స్కాన్ చూసి డాక్టరుగారు ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా (నుదుటి వెనక, కణతల వెనక మెదడు దెబ్బతినే జబ్బు) అన్నాక నేనూ కాస్త చదివాను. మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు కూడా జట్లుగా పనిచేస్తాయి. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది జ్ఞాపకాలతో ముడిపడ్డ డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్. బాబాయిది వేరే జట్టు: ఇన్సులా, యాంటీరియర్ సింగ్యులేట్ అనే మెదడు భాగాలు కలిసిన సేలియన్స్ నెట్‌వర్క్. ఎదుటివాళ్ల మొహం మారగానే 'ఇక ఆపు' అని మనల్ని లోపల గిల్లేది అదే. 2009లో అమెరికాలో విలియం సీలీ బృందం ఐదు రకాల డిమెన్షియాల్లో మెదడు ఎక్కడ కుంచించుకుపోతోందో చూసింది. ఒక్కో జబ్బు ఆనవాలు ఆరోగ్యవంతుల మెదడులోని ఒక్కో నెట్‌వర్క్‌తో సరిపోయింది. అంటే జబ్బు ఎక్కడపడితే అక్కడ పాకడం లేదు, కలిసి పనిచేసే భాగాల వెంటే పోతోంది. అది చదివాక బాబాయి మీద నాకున్న కోపం సగానికి సగం తగ్గింది.

ఇదంతా పిన్నికి నాకొచ్చిన భాషలో చెప్పాను. చివరిదాకా విని, "అయితే ఆ గిల్లుడంతా నాకే మిగిలిందన్నమాట," అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఎవరో అల్జీమర్స్ మాత్రలు వాడమన్నారట. ఈ జబ్బులో వాటివల్ల లాభం ఉండదని, కొందరికి చిరాకు, దురుసుతనం ఇంకా పెరుగుతాయని డాక్టరుగారు ముందే చెప్పారు. వద్దన్నాను. ఎదురింటికి వెళ్లి జబ్బు సంగతి నేనే చెప్పొచ్చాను. "అలాగా బాబూ, మాకేం తెలుసు," అందావిడ. దాచుకోవడం కన్నా ఇలా చెప్పేయడమే నయం.

వచ్చే నెల పెళ్లికి బాబాయిని తీసుకెళ్లాలా వద్దా అన్నది మధ్యాహ్నందాకా తేలలేదు. ముహూర్తం టైముకి వెళ్లి, తొలి బంతిలోనే భోంచేసి వచ్చేద్దామంది పిన్ని. పక్క కుర్చీ నాది. స్వీట్లు వడ్డించే కుర్రాడితో ముందే మాట్లాడాలి.