టెక్కా సెంటర్‌లో ఏం తినాలంటే

సింగపూర్ వచ్చిన మనవాళ్ళు లిటిల్ ఇండియా అనగానే నేరుగా సెరంగూన్ రోడ్డు మీద ఏసీ రెస్టారెంట్లలో దూరిపోతారు, ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో రైలు) దిగితే పక్కనే ఉండే టెక్కా సెంటర్‌ని మాత్రం చేపల మార్కెట్ అని దాటేస్తారు. మార్కెట్టే, కాదనను, నీచు వాసన కూడా వస్తుంది, కానీ అదే కప్పు కింద పెద్ద హాకర్ సెంటర్, అంటే చిన్న చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకచోట ఉండే చోటు, ఉందండీ బాబూ. 1982లో కట్టిన బిల్డింగ్, మొదట్లో జుజియావ్ సెంటర్ అని పేరు పెట్టారు, ఎవరి నోరూ తిరగలేదేమో 2000లో టెక్కా అని మార్చేశారు. ఏసీ ఉండదు, ఫ్యాన్లే, చెమటలు కారతాయి, తప్పదు.

నా ఓటు మొదట అల్లావుద్దీన్ బ్రియానీకి. హైదరాబాద్ వాళ్ళకి ముందే దండం పెట్టి చెప్తున్నా, ప్లేటు ముందు పెట్టుకుని మన బిర్యానీతో పోలికలు మొదలెట్టకండి. ఇది ఇక్కడి ఇండియన్ ముస్లింల పద్ధతి, మిర్చీ కా సాలన్ ఉండదు, దాల్చా (పప్పుతో చేసే పులుసు) పోస్తారు, పక్కన కీరా ఉల్లిపాయల పుల్లటి అచారు. ఆ దాల్చా కలుపుకుని తిన్నాక మాట్లాడండి.

తర్వాత ఇండియన్ రోజాక్. పేరులో ఇండియా ఉంది గానీ నేనైతే ఇండియాలో ఎక్కడా చూళ్ళేదు. అద్దాల పెట్టెలో రొయ్యల వడలు, బంగాళదుంప, టోఫు, గుడ్డు అన్నీ పేర్చి ఉంటాయి, మనకి కావల్సినవి చూపిస్తే వేడిచేసి ముక్కలు కోసి, కీరా, పచ్చి ఉల్లిపాయ వేసి ఎర్రటి తియ్యకారం సాస్‌తో ఇస్తారు. నలుగురు ఒక ప్లేటు తీసుకుంటే కొట్టుకోవడమే.

హెంగ్ గీ అని బాతు అన్నం స్టాల్ ఒకటుంది, క్యూ చూసి భయపడకండి, నిలబడండి. సోయా సాస్‌లో నల్లగా ఉడికిన మాంసం, ఆ పులుసు అన్నం మీద పోస్తారు చూడండీ... ఇంక నేనేం చెప్పను.

వెజ్ వాళ్ళకి అప్పం. కొబ్బరి తురుము, ఆరెంజ్ రంగు పంచదార పెట్టి ఇస్తారు, మా అమ్మ వచ్చినప్పుడు చూసి "కుంకుమ వేశారేంట్రా" అంది, తిని ఇంకోటి అడిగింది. పైన తె తారిక్, అంటే పాలటీని పైనుంచి కిందకి తిరగబోసి నురగ తెప్పించి ఇచ్చేది, తీపి ఎక్కువనిపిస్తే ముందే చెప్పాలి.

కొత్తవాళ్ళకి రెండు ముక్కలు. ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో మర్చిపోయారనుకోకండి, సీటు ఆపుకున్నారని అర్థం, ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వెయ్యడం లాంటిదే. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి రూల్, ముందు వార్నింగ్ ఇస్తారు, తర్వాత ఫైన్. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్ళకండి, లిటిల్ ఇండియాలో అడుగు పెట్టే చోటుండదు. శనివారం పొద్దున పెరుమాళ్ గుడికి వెళ్ళేవాళ్ళు అట్నుంచి అటే వచ్చేయండి, కాకపోతే ఆ రోజు అప్పంతోనే సరిపెట్టుకోవాలి మరి.