పల్లేరు ముళ్ళ ఊరికి ఏ పంపు?

మా ఆదివారం గ్రూపులోకి కొత్తగా ఎవరొచ్చినా, సైకిలు రంగు పాతబడక ముందే అడిగేది ఒకటే. "అన్నా, దారిలో గాలి పోతే ఏం పెట్టుకోవాల? అగ్గిపెట్టెకు రెండింతలుండే బ్యాటరీ పంపులు వచ్చినాయంట కదా, అదొకటి తీసుకుంటే సరిపోతాదా?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పెట్టి పెట్టి నాకు విసుగొచ్చింది. ఇక్కడ రాసి పెడితే ఇకమీదట లింకు పంపి ఊరుకోవచ్చు.

ముందే చెప్తున్నా, ఇది అనంతపురం మాట. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023లో తెరిచారు. అక్కడ తిరిగేవాళ్ళకు నేను చెప్పేదంతా చాదస్తంగా అనిపించొచ్చు. మా దారులు వేరు. రోడ్డు అంచు దిగితే పల్లేరు. ఆ కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్నవి. ఎట్లా పడినా ఒకటి ఆకాశం వైపు చూస్తూనే ఉంటుంది. దానికి తోడు సర్కారు తుమ్మ. కంప కొట్టి ట్రాక్టర్లలో తోలేటప్పుడు రాలిన పుల్లలు రోడ్డు మీదే ఉండిపోతాయి. ఇక నలభై నాలుగో నంబరు హైవే ఎక్కితే పేలిపోయిన లారీ టైర్ల నుంచి ఊడిన సన్నటి ఇనుప తీగలు. అవి టైరులోకి దూరితే కంటికి కనబడవు, వేలికి మాత్రం గుచ్చుకుంటాయి.

కాబట్టి మా దగ్గర పంక్చరు ఒకటితో ఆగుతుందని నమ్మకం లేదు. ఏ పంపు కొనాలనే ప్రశ్నకు నా జవాబు మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది. ఎన్నిసార్లు గాలి పోయినా పనిచేసేది ఒకటి బండి మీద ఉండాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

సీఓటూ కార్ట్రిడ్జ్ సంగతి ముందు చూద్దాం, కుర్రవాళ్ళకు మోజు దాని మీదే. బొటనవేలంత ఉక్కు బుడ్డి. లోపల కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది, మామూలు వేడిలో అరవై బార్‌కు దగ్గరగా ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు అరవై రెట్లు. మూతికి చిన్న నాజిల్ బిగించి వాల్వ్‌కు తగిలిస్తే రెండు మూడు సెకన్లలో టైరు రాయిలా అవుతుంది. చూడటానికి గారడీలాగే ఉంటుంది, కాదనను. కానీ కొనే ముందు కాస్త లెక్క వేసుకోండి. 16 గ్రాముల వాయువుండే బుడ్డిలోంచి మామూలు ఒత్తిడి దగ్గర సుమారు 9 లీటర్ల వాయువు వస్తుంది. 28 మిల్లీమీటర్ల రోడ్డు టైరు లోపల పట్టేది లీటరుంబావు. అందులో వంద పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కుతుంది, భేష్. నాది 32 టైరు, లోపల ఒకటీ ముప్పాతిక లీటరుకు కాస్త తక్కువ. అక్కడ 80కి అటూ ఇటూ ఆగుతుంది. అదీ చాలు. అదే 29 అంగుళాల ఎంటీబీ, అంటే కొండదారుల్లో తొక్కే లావు టైర్ల సైకిలు, 2.2 అంగుళాల టైరు అయితే లోపల ఐదు లీటర్లు దాటుతుంది. ఒక బుడ్డి మొత్తం ఒలకబోసినా 25 పీఎస్ఐ. ఇదంతా కాగితం మీది లెక్క, తగిలించేటప్పుడు బుస్సుమని పోయేది దీనిలో కలపలేదు. ఎంటీబీ వాళ్ళు 16 గ్రాములవి కొనుక్కొచ్చి "సగమే ఎక్కింది, డూప్లికేట్ మాలు అంటగట్టినాడు" అని అంగడివాణ్ణి తిట్టడం నేను విన్నాను. పాపం, వాడి తప్పేం లేదు.

ఇంకో రెండు విషయాలు. ద్రవం ఒక్కసారిగా ఆవిరయ్యేటప్పుడు బుడ్డి చల్లబడి మంచు పడుతుంది. ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది, దానికిచ్చే తొడుగు పారేయొద్దు. రెండోది, కార్బన్ డయాక్సైడ్ మన ట్యూబుల బ్యూటైల్ రబ్బరులోంచి మామూలు గాలి కంటే చాలా త్వరగా జారిపోతుంది. సాయంత్రం గట్టిగా ఉన్న టైరు తెల్లారేసరికి మెత్తగా ఉంటే మళ్ళీ పంక్చరని ట్యూబు ఊడదీయకండి. ఇంటికొచ్చాక ఉన్నది వదిలేసి మామూలు గాలి కొట్టండి. ఇక మా ఎండల సంగతి. ఈ బుడ్డీల మీద సాధారణంగా 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. ఏప్రిల్‌లో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంతకు మించే ఉంటుంది. రైడు అయ్యాక సంచి కారులో పడేసి టిఫినుకు పోయేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మొన్న చలికాలంలో కదిరి మీదుగా తిమ్మమ్మ మర్రిమాను చూడాలని బయల్దేరాం. మాతో వచ్చిన కుర్రాడి దగ్గర రెండు బుడ్డీలు, పంపు లేదు. ఊరు దాటగానే తుమ్మ ముల్లు. చకచకా ట్యూబు మార్చాడు, బుడ్డి ఖాళీ చేశాడు, మా కంటే ముందే సీటెక్కాడు. ముల్లు పీకాడు గానీ దాని కొన విరిగి టైరు గోడలోనే ఉండిపోయింది. కొంచెం దూరం పోగానే అదే చక్రం మళ్ళీ నేల మీదికి. రెండో బుడ్డి బిగించేటప్పుడు చెయ్యి వంకర పోయి సగం వాయువు రోడ్డు పాలైంది. అప్పుడు నా వైపు చూసి, "అన్నా, నీ చేతి పంపు..." అన్నాడు. ఇచ్చాను, ఇవ్వకుండా ఎక్కడికి పోతాం. ఆ కొన తీయడానికి గోళ్ళ కత్తెర కావలసొచ్చింది. సీటు సంచిలో అది ఎందుకని నవ్వినవాళ్ళెవరూ ఆ రోజు నవ్వలేదు.

బరువు తక్కువ కదా అంటారు. ఒక్కటే మోస్తే తక్కువే. నిండు బుడ్డి ఒక్కోటి అరవై గ్రాముల దగ్గర తూగుతుంది. మూడు బుడ్డీలు, నాజిల్ కలిపితే రెండు వందల గ్రాములు. మంచి చేతి పంపు కూడా అంతే. నీళ్ళ సీసాలో రెండు గుక్కలు తక్కువ పోసుకుంటే ఆ తేడా కూడా పోతుంది, దీని మీద వాదన దండగ.

బ్యాటరీ పంపుల మీద నాకు ద్వేషం లేదు. మా గ్రూపులో ఒక లెక్కల మేడం ఉన్నారు. బొటనవేలి కీళ్ళ నొప్పి. పంపు పట్టుకుని వంద సార్లు నూకడం ఆమె వల్ల కాదు. ఆమెకు వంద గ్రాములుండే ఆ చిన్న డబ్బా వరమే. వాల్వ్‌కు తగిలించి బటన్ నొక్కితే చాలు, చెవులు చిల్లులు పడే మోతతో ఒకటి రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ ఒక చార్జీకి రోడ్డు టైర్లు రెండు, మహా అయితే ఇంకో సగం. లావు టైరైతే ఒకటితోనే సరి. వరుసగా నడిపితే మూతి దగ్గర లోహం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఈమధ్య వస్తున్న పల్చటి టీపీయూ (రబ్బరు బదులు ఒక రకం ప్లాస్టిక్) ట్యూబుల్లో చాలావాటికి వాల్వ్ కాడ ప్లాస్టిక్‌ది ఉంటుంది. ఆ వేడికి అది మెత్తబడొచ్చు, అందుకే వాటికి నేరుగా తగిలించకుండా డబ్బాతో వచ్చే చిన్న గొట్టం వాడాలి. ఇంకొకటి, నెలల తరబడి సంచిలో పడి ఉన్న బ్యాటరీలో చార్జి ఎంత మిగిలిందో బయల్దేరే ముందు రాత్రి చూసుకోవాలి. ఫోనుకు, లైటుకు, వాచీకి చార్జింగ్ పెట్టుకునేసరికే నాకు రాత్రి పది అవుతుంది. దీన్ని కూడా ఆ వరసలో చేర్చే ఓపిక నాకు లేదు. మేడం మాత్రం ప్రతి శనివారం తప్పకుండా పెడతారు. పెట్టినా సరే, అడుగున ఒక బుల్లి చేతి పంపు కూడా ఉంచుకుంటారు. లెక్కల మేడం కదా!

అర కిలో బరువుండే పెద్ద బ్యాటరీ కంప్రెసర్లు, కారుకూ మోటారు సైకిలుకూ వాడేవి, ఇంట్లో ఉంచుకోవడానికి బాగుంటాయి. సైకిలు మీద మోయడానికి కాదు.

ఇక చేతి పంపు. చేతి పంపులన్నీ ఒకటే అనుకుని అన్నిటికంటే పొట్టిది కొనేస్తారు, తర్వాత చేతి పంపులనే తిడతారు. కొనేటప్పుడు చూడాల్సింది గొట్టం లావు. లోపలి పిస్టన్ 20 మిల్లీమీటర్లుంటే, టైరులో 75 పీఎస్ఐ ఉన్నప్పుడు ఒక్కో తోపుకు 16, 17 కేజీల బలం పెట్టాలి. 25 మిల్లీమీటర్లకు అది 26 కేజీలు. 30 అయితే 37. లావు గొట్టం తక్కువ తోపుల్లో ఎక్కువ గాలి పంపుతుంది. ఎంటీబీకి అదే కావాలి, వాళ్ళు ముప్పై పీఎస్ఐ దాటరు. రోడ్డు సైకిలుకు అదే పంపు కొంటే యాభై దగ్గర చేతులు వణుకుతాయి. సన్న గొట్టంలో బలం తక్కువ పడుతుంది గానీ ఓపిక కావాలి. నా 32 టైరుకు 20 మిల్లీమీటర్ల మామూలు మినీ పంపుతో రెండు వందల తోపులు తప్పవు. ఇంటికి చేరడానికి యాభై పీఎస్ఐ ఉన్నా చాలు, గుంతల్లో కాస్త నిదానంగా పోవాలి, అంతే.

ఇంకొకటి, పంపుకు కచ్చితంగా రబ్బరు గొట్టం ఉండాలి. పంపు మూతిని నేరుగా వాల్వ్‌కు గుచ్చి కొట్టే రకాలుంటాయి చూశారా, మనం ఊగే ప్రతి ఊపూ వాల్వ్ కాడ మీద పడుతుంది. కాడ ట్యూబును అంటిన చోట చిరిగితే ప్యాచీ కూడా నిలవదు. గొట్టం ఉంటే ఆ బాధ లేదు. మర తిప్పి బిగించే గొట్టాలతో మాత్రం ఒక చిక్కుంది. తీసేటప్పుడు ప్రెస్టా వాల్వ్ (రోడ్డు సైకిళ్ళకుండే సన్నటి వాల్వ్) లోపలి కోర్ కూడా ఒక్కోసారి దాంతోపాటే ఊడి వస్తుంది, కొట్టిన గాలంతా ఒక్క క్షణంలో పోతుంది. ఇంట్లోనే ఆ కోర్ ఒకసారి బిగించి పెట్టుకోండి.

నేను వాడేది టోపీక్ వాళ్ళ రోడ్ మార్ఫ్. మడత కాలు ఒకటి కిందకు దిగుతుంది. దాన్ని తొక్కిపెట్టి, పిడిని అడ్డంగా తిప్పి, ఇంట్లో స్టాండు పంపు కొట్టినట్టే ఒళ్ళు బరువు వేసి కొట్టొచ్చు. చేతి కండల అవసరం లేదు. సీటు సంచిలో పట్టదు, ఫ్రేముకు కట్టుకోవాలి, అందంగా ఉండదు. మా గ్రూపు ఫోటోల్లో నా సైకిలు పాలవాడి సైకిల్లా ఉంటుందని అంటుంటారు. అననీ.

పల్లెల్లో దీనికి ఇంకో ఉపయోగం ఉంది. పాత సైకిళ్ళకుండే, లోపల వాల్వ్ ట్యూబ్ తొడిగే డన్‌లప్ వాల్వ్‌కు ప్రెస్టా మూతి సరిగ్గా పడుతుంది. బుక్కపట్నం వైపు ఒక టీ అంగడి దగ్గర ఆగితే బడి పిల్లలు చుట్టూ చేరి, "సార్, మా సైకిలుకు కూడా కొట్టండి" అన్నారు. కొట్టాం. ఒకరి తర్వాత ఒకరు. బుడ్డీలున్నవాళ్ళు టీ తాగుతూ చూశారు.

రోడ్డు మీద దొరికే గాలి సంగతీ చెప్పాలి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితం, హైవే మీద లారీ పంక్చరు షాపులు రాత్రంతా తెరిచే ఉంటాయి. ఆ గొట్టాలన్నీ మోటారు సైకిలు వాల్వ్‌కు సరిపోయేవి, మన ప్రెస్టాకు ఎక్కవు. ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది, వేలి కొనంత ఉంటుంది. పోగొట్టుకోకుండా వాల్వ్‌కే బిగించి ఉంచండి. లారీ కంప్రెసర్‌తో మాత్రం జాగ్రత్త. మన ట్యూబులో పట్టేది లీటరు, రెండు లీటర్లు. ఆ ట్యాంకు ముందు అదెంత? షాపువాణ్ణి కొట్టమనకుండా గొట్టం మీరే తీసుకుని, ముట్టించి తీసి, వేలితో నొక్కి చూసి, మళ్ళీ ముట్టించాలి. కానీ హైవే దిగి లోపలి రోడ్లు పట్టారంటే ఇరవై ముప్పై కిలోమీటర్ల దాకా ఏ షాపూ ఉండకపోవచ్చు. ఆదివారమైతే ఉన్నదీ మూసి ఉంటుంది.

బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, తొక్కాలనుకునేవాళ్ళకు ఒక మాట. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు, 300కు ఇరవై. దారిలో మనం వచ్చామని నమోదు చేసుకునే కంట్రోల్ పాయింట్ల మధ్య మన కారు వెంట రాకూడదు, సాయం చేయకూడదు. సీఓటూతో మిగిలేది ఐదు నిమిషాలు. ఆ గడువులో ఐదు నిమిషాలు ఒక చాయ్‌కి పోతాయి. రాత్రి రెండు గంటలప్పుడు మూడో పంక్చరు పడితే ఏం చేస్తారో అదే ఆలోచించుకుని కొనండి. నేనైతే చేతి పంపు, దాంతో ఒక్క బుడ్డి. ఆ బుడ్డి వాన పడుతున్నప్పుడు, ఒళ్ళు పూర్తిగా అలిసినప్పుడు వాడుకోవడానికి. రెండు ట్యూబులు, ప్యాచీలు, గోళ్ళ కత్తెర, అడాప్టరు. అంతే నా సామాను.

కొన్నాక పని ఒకటుంది. ఇంటి దగ్గర వెనక చక్రం గాలి మొత్తం తీసేసి, ఆ పంపుతోనే మళ్ళీ నింపి చూడండి. ఎంతసేపు పట్టిందో, మీ చేతులు ఎక్కడ ఆగాయో అక్కడే తెలుస్తుంది. నచ్చకపోతే వాపసు ఇవ్వడానికి గడువు కూడా ఉంటుంది. ఏడాదికోసారి పిస్టన్ రబ్బరు రింగుకు కొంచెం సిలికాన్ గ్రీసు పూయండి, అది ఎండితే ఎంత కొట్టినా గాలి టైరులోకి ఎక్కదు.

ట్యూబ్‌లెస్ వాళ్ళ గురించి రాయలేదని ఇద్దరు ముగ్గురు అలుగుతారు. టైరు అంచును రిమ్ము మీదికి ఎక్కించడం మామూలు మినీ పంపుతో దాదాపు అయ్యే పని కాదు, అక్కడ సీఓటూకు నిజంగానే పని ఉంది. కొన్ని రకాల సీలెంట్లు (టైరులో పోసే, చిల్లులు పూడ్చే ద్రవం) ఆ వాయువుకు గడ్డకడతాయి గనక సీసా మీద చదివి వాడాలి. అంతకు మించి నాకు అనుభవం లేదు. లెక్కల మేడం ఈమధ్యే మారారు, రాయమని అడిగాను. పేపర్లు దిద్దడం అయ్యాక చూద్దామన్నారు.