థీబ్స్ సమాధుల కలువ అంచు కలంకారీ చీర మీదికి

నెట్‌లో దొరికిన ఈజిప్టు బొమ్మలు శ్రీకాళహస్తి కలంకారీ పనికి పనికిరావు. సైజు చాలదు, పైగా ఎవరో సగం మార్చేసి ఉంటారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైటులో నీనా డేవిస్, ఆమె భర్త నార్మన్ వేసిన నకళ్లు వెతకండి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, ప్రాచీన ఈజిప్టు నగరం థీబ్స్‌లోని సమాధుల గోడల్ని చూస్తూ కాగితం మీద వేసినవి అవి. సమాధి ఫోటోలో కనిపించే వంకర, వెలుగు తేడా వీటిలో ఉండవు. పేజీలో ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే) గుర్తుంటే వ్యాపారానికీ వాడుకోవచ్చు. 2017 నుంచి ఆ వెసులుబాటు ఉంది.

ముందు కొలత తేల్చుకోండి. బట్టను ఉడికించి ఆరబెట్టాకే కొలవాలి, కుదింపు అప్పటికే అయిపోతుంది. 5.5 మీటర్ల చీరకు 22 సెం.మీ. రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే ఒక బొమ్మ పొడవు) పెడితే సరిగ్గా 25 వస్తాయి. 20 సెం.మీ. పెడితే చివర పువ్వు సగానికి తెగుతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 22 సెం.మీ. అంటే సుమారు 2,600 పిక్సెళ్లు. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో ఆఫ్‌సెట్ వాడి బొమ్మను సగం జరపండి, అతుకు మధ్యలోకి వచ్చి తప్పు దొరికిపోతుంది.

గీతల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో, బొమ్మను తనంతట తానే గీతలుగా మార్చే ఆటో ట్రేస్ జోలికి వెళ్లకండి. గోడ పగుళ్లను కూడా అది గీతలుగా మార్చేస్తుంది. పై లేయర్‌లో చేత్తో గీయండి, గీతల మధ్య కనీసం 2 మి.మీ. వదలండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లు సరిగ్గా పట్టని బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపు పాకుతుంది, దగ్గరి గీతలు కలిసిపోతాయి.

గీసేటప్పుడు రేకుల్ని బాగా చూడండి. ఆ పువ్వు తామర కాదు, కలువ. నీలి కలువ రేకులు మొనదేలి ఉంటాయి, తెల్ల కలువవి గుండ్రంగా ఉంటాయి. మన తామరలా ఉబ్బుగా గీస్తే ఈజిప్టు పోలిక పోతుంది.

ప్రింటు ఏ3 మీద, అసలు సైజులోనే తీయండి. 'ఫిట్ టు పేజ్' పొరపాటున ఉండిపోయి రిపీట్ 5 మి.మీ. తగ్గినా, 25 సార్లకు 12.5 సెం.మీ. తేడా వస్తుంది. స్కేలు పెట్టి చూశాకే బట్ట మీదికి దించండి.

రంగుకు తెరను నమ్మొద్దు. ఆ గోడల మీద నీలానికి వాడిన ఈజిప్షియన్ బ్లూ అంటే కాల్షియం కాపర్ సిలికేట్. మామూలు వెలుగు పడితే అది 910 నానోమీటర్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుగు) వెదజల్లుతుంది. ఇన్‌ఫ్రారెడ్ అడ్డు తీసేసిన కెమెరాకు తగిన ఫిల్టర్ పెట్టి, ఎల్ఈడీ వెలుగులో ఫోటో తీస్తే, కంటికి బూడిదగా కనిపించే చోటా నీలం తెల్లగా మెరుస్తుంది. మ్యూజియాలు ప్రచురించే ఇలాంటి ఫోటోలు చూస్తే ఎక్కడ నీలం ఉండేదో తెలుస్తుంది. మన నీలిమందు దానికన్నా ముదురు కాబట్టి చిన్న గుడ్డ మీద పలచగా వేసి చూడండి.

హైరోగ్లిఫ్‌లు (ఈజిప్టు బొమ్మల లిపి) పెడితే ఒక వరుసలోని పక్షులు, మనుషులు అందరూ ఒకే వైపు చూడాలి; ముఖాలు చూసే వైపు నుంచే చదువుతారు. అద్దం తిప్పినట్టు తిప్పాలంటే వరుస మొత్తాన్నీ తిప్పండి, ఒక్క అక్షరాన్ని కాదు. రాజు పేరున్న కోలగడిని (కార్టూష్) మాత్రం కాళ్ల దగ్గరి అంచులో వేయకండి, కొంగులో పెట్టండి.