కర్త ఎక్కడుంది? ఇంగ్లీషు వెర్బులతో నా సాధన, ఇప్పటివరకు

జూన్

ఇంగ్లీషులో సబ్జెక్టుకి సరిపోయే వెర్బు పెట్టడం మీద, అదీ తికమక పెట్టే సబ్జెక్టుల మీదే కొన్నాళ్ళు కూర్చుందామని ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. పరీక్షలూ ప్రమోషన్లూ ఏమీ లేవు. వ్యాకరణం అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

వీలున్నప్పుడల్లా మా విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళి, ఇంగ్లీషు పేపర్లలో తికమకగా ఉన్న వాక్యాలు ఏరి ఎడమ పేజీలో రాస్తాను. వెర్బు ఉన్నచోట ఖాళీ వదిలి, జవాబు పేజీ అడుగున పెన్సిల్‌తో పెడతాను. కుడి పేజీలో అదే వాక్యం తెలుగులో. మర్నాడు పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తూ, ముందురోజు రాసిన వాక్యాలు ఖాళీలు నింపుకుంటూ పైకి అంటాను. పైకి అనాల్సిందే. కంటితో చూసి సరే అనుకున్నది నోటికి రావాలంటే చెవి కూడా అలవాటు పడాలి.

మొదలుపెట్టే ముందు పని ఎంతుందో లెక్క చూసుకున్నాను. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు, వెళ్ళాయి: మన క్రియ ఇన్ని రకాలుగా మారుతుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'వెంట్' ఒక్కటే. భూతకాలంలో 'వాజ్', 'వర్' తప్ప మారేదే లేదు. 'కెన్', 'విల్', 'మస్ట్' ఎప్పుడూ మారవు. వర్తమానంలో ఆమ్-ఈజ్-ఆర్, హాజ్-హావ్, డజ్-డూ, మామూలు వెర్బు చివర వచ్చే 'స్'. ఇంతే. కర్తని బట్టి క్రియ మార్చడం మనకి పుట్టినప్పటి నుంచీ వచ్చిన విద్య. మరి తడబాటు ఎక్కడొస్తోంది? నోట్‌బుక్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆగస్టు

జవాబులో పెద్ద భాగం దొరికింది. 'ద బాస్కెట్ ఆఫ్ మాంగోస్ హాజ్ ఫాలెన్.' ఇక్కడ వెర్బు పక్కనే మామిడిపళ్ళు ఉన్నాయి కాబట్టి నోరు 'హావ్' అనబోతుంది. అదే తెలుగులో 'మామిడిపళ్ళ బుట్ట పడిపోయింది.' క్రియకి దగ్గరగా ఉన్నది బుట్టే. మన భాషలో విశేషణాలూ షష్ఠీ విభక్తులూ అన్నీ ముందొచ్చి అసలు నామవాచకం చివర్న నిలబడుతుంది. ఇంగ్లీషులో అసలుది ముందొచ్చి, దాని తోక వెర్బు దాకా సాగుతుంది. దగ్గరున్న నామవాచకాన్నే నమ్మే మన చెవి తెలుగులో సరైన దారే పడుతుంది. ఇంగ్లీషులో అదే అలవాటు పక్కదారి పట్టిస్తుంది.

అందుకని ఎడమ పేజీలో ఖాళీ నింపే ముందు కుడి పేజీ చూస్తున్నాను. తెలుగులో చివర నిలబడ్డ నామవాచకం కింద ఎర్ర గీత గీసి, అది ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడుందో వెతికి, వెర్బు దానికి కడతాను. ఇది ఎంత దూరం పనిచేస్తుందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

'ద నంబర్ ఆఫ్ టూరిస్ట్స్' అంటే పర్యాటకుల సంఖ్య. సంఖ్య పెరుగుతోంది, కాబట్టి 'ఈజ్'. 'ఎ నంబర్ ఆఫ్ టూరిస్ట్స్' అంటే చాలామంది పర్యాటకులు. పర్యాటకులు వస్తున్నారు, కాబట్టి 'ఆర్'. చాలామందిని ఏడిపించే ఈ జంటకి మన తెలుగే జవాబు చెప్పేసింది. 'వన్ ఆఫ్ ద బోట్స్': పడవల్లో ఒకటి. అక్కడ 'ఈజ్'.

'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్' కూడా ఇలాగే తేలిపోతాయి. మా అన్నయ్య పిల్లలతో కలిసి వచ్చాడు అంటాం, వచ్చారు అనం. ఆర్కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్, దానికి ఎదురుగా రోడ్డవతల టీయూ-142 విమానం ఉన్నాయి కదా. 'ద కుర్సుర, అలాంగ్ విత్ ద టీయూ-142, అట్రాక్ట్స్ విజిటర్స్.' ఇక్కడ కర్త కుర్సుర ఒక్కటే, అందుకే 'స్' వచ్చింది. 'అండ్' పెట్టి రెంటినీ కలిపితే 'స్' పోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పేజీ 'హూ' వాక్యాలది. 'షీ ఈజ్ వన్ ఆఫ్ ద నర్సెస్ హూ వర్క్ నైట్స్.' ఇక్కడ 'వర్క్' ఎందుకు, 'వర్క్స్' ఎందుకు కాదు? రాత్రి డ్యూటీ చేసే నర్సుల్లో ఆమె ఒకరు. 'చేసే' అన్న మాట నర్సుల ముందు కూర్చుంది, అంటే చేసేది వాళ్ళందరూ. 'షీ ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ద నర్సెస్ హూ వర్క్స్ నైట్స్' అయితే, నర్సుల్లో రాత్రి డ్యూటీ చేసేది ఆమె ఒక్కతే. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని పదేపదే అనుకోండి, తేడా నోటికి పట్టేస్తుంది.

సెప్టెంబరు

తెలుగు సాయం చేయని చోట్లకి వేరే పేజీలు కేటాయించాను. రెండు భాషలూ లెక్కపెట్టే తీరే వేరైన చోట్లు ఇవి. నీళ్ళు వస్తున్నాయి, పాలు విరిగాయి, సామాన్లు దిగాయి, వార్తలు మొదలయ్యాయి, లెక్కలు కష్టంగా ఉన్నాయి. మనకి ఇవన్నీ బహువచనాలు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, లగేజ్, న్యూస్, మేథమేటిక్స్ అన్నీ 'ఈజ్'. తిరగేస్తే, కత్తెర ఉంది, కళ్ళజోడు ఉంది, ప్యాంటు ఉంది అంటాం. సిజర్స్, గ్లాసెస్, ప్యాంట్స్ 'ఆర్'. అదే 'ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్' అంటే మళ్ళీ 'ఈజ్'. 'పోలీస్' ఎప్పుడూ 'ఆర్'. ప్రతి ఒక్కరూ వచ్చారు అంటాం, కానీ 'ఎవ్రీవన్ హాజ్ కమ్'. వీటికి సూత్రం వెతకడం దండగ. వంటింట్లో నీళ్ళు పడుతున్నప్పుడూ పాలు కాస్తున్నప్పుడూ ఆ వాక్యం ఇంగ్లీషులో ఒకసారి అనడమే నేను చేస్తున్న పని.

ఇంకో చోటు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 'రాలేదు' అన్న మాట చూడండి. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు: కర్త ఎవరైనా మారదు. తెలుసు, కావాలి, వద్దు కూడా అంతే. 'హీ డోంట్ నో', 'షీ వాంట్' లాంటివి మన దగ్గర అంత తేలిగ్గా వచ్చేయడానికి ఇదొక కారణమని నా నమ్మకం. అందుకే 'డజంట్' వాక్యాలు రోజూ చదివే జాబితాలో పైన పెట్టాను.

దసరా సెలవులు

మా ఎదురింట్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు ఉన్నారు. "ఏమ్మా, నోట్‌బుక్ ఎంతవరకు వచ్చింది?" అని అడిగి, పేజీలన్నీ ఓపిగ్గా చూసి, "మరి 'నైదర్-నార్' ఏదీ?" అన్నారు. 'నైదర్ ద డ్రైవర్ నార్ ద ప్యాసెంజర్స్ వర్ హర్ట్.' డ్రైవరుకి గానీ ప్రయాణికులకి గానీ దెబ్బలు తగల్లేదు. ఇక్కడ కుడి పేజీ ఏమీ చెప్పదు. వెర్బుకి దగ్గరగా ఉన్నదాన్ని బట్టి వెళ్ళాలి. 'ఐదర్-ఆర్' కూడా అంతే. "రెంటిలో బహువచనం ఉన్నదాన్ని చివర పెట్టమ్మా, చెవికీ బాగుంటుంది" అన్నారు. అది అట్ట లోపలి వైపు రాసుకున్నాను.

క్రికెట్ సంగతీ ఆయనతోనే తేల్చుకున్నాను. 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన మ్యాచ్‌నే ఉదాహరణగా తీసుకున్నాం. ఇండియా 9 వికెట్లకి 356. మన పేపర్లూ బ్రిటిష్ పేపర్లూ 'ఇండియా వర్' అంటాయి, ఎందుకంటే జట్టంటే ఆడేవాళ్ళు. అమెరికన్లు అదే జట్టుకి 'వాజ్' అంటారు. రెండూ ఒప్పే, కానీ ఒకే పేరాలో కలపకూడదు. ఇక 'త్రీ హండ్రెడ్ ఫిఫ్టీ సిక్స్ రన్స్' అన్నా, మొత్తం ఒక స్కోరుగా చూస్తే 'వాజ్ ఎ బిగ్ టోటల్'. డబ్బు, దూరం, కాలం కూడా మొత్తంగా చూస్తే ఏకవచనమే. భీమిలికి పాతిక కిలోమీటర్లు నడవలేం అనాలంటే 'ట్వంటీఫైవ్ కిలోమీటర్స్ ఈజ్ టూ ఫార్ టు వాక్'.

ఇప్పుడు

తోక పొడుగైన వాక్యాల్లో ఎర్ర గీత అవసరం తగ్గింది, చదువుతుండగానే కర్త తెలిసిపోతోంది. 'డజంట్' ఇంకా రోజూ చదవాల్సిందే. వేగంగా మాట్లాడేటప్పుడు దాన్ని ఫోన్లో రికార్డు చేసుకుని వింటున్నాను.

కొత్తగా తెరిచిన పేజీ, ఏకవచనంలోనూ బహువచనంలోనూ ఒకేలా ఉండే మాటలది: సిరీస్, స్పీషీస్, మీన్స్, క్రాస్‌రోడ్స్. ఇవి ఒకటా, చాలానా అన్నది ముందున్న 'దిస్', 'దీజ్' చూస్తేనే తెలుస్తుంది. 'హెడ్‌క్వార్టర్స్' కూడా ఇందులోనే రాశాను. ఈస్టర్న్ నేవల్ కమాండ్ హెడ్‌క్వార్టర్స్ మన ఊళ్ళోనే ఉంది కాబట్టి పేపర్లో తరచూ కనిపిస్తుంది. దానికి 'ఈజ్' పెట్టినా 'ఆర్' పెట్టినా చెల్లుతుంది. ఏ పేపరు ఏది వాడుతోందో ఎదురుగా తేదీతో రాసి పెడుతున్నాను. దీని తర్వాత 'నన్' పేజీ. దానికీ రెండూ చెల్లుతాయి కాబట్టి ఉదాహరణలు ఎక్కువ కావాలి, ఇప్పటినుంచే ఏరుతున్నాను.