మునగని వీధి ఎవరికి బిల్లు వేస్తుంది?

నిన్నంతా ఒక దరఖాస్తు ముందే కూర్చున్నాను. వాననీటిని నిలిపే చిన్న పని, దానికి ప్రభుత్వ వాతావరణ నిధి అడుగుతున్నాం. ఫారంలో మొదటి ప్రశ్న: ఎన్ని టన్నుల కార్బన్ తగ్గుతుంది? మాది తగ్గించే పని కాదండీ, తట్టుకునే పని. వరదొస్తే మునగకుండా, ఎండ ముదిరితే గొంతెండకుండా చూసుకోవడం. దానికి గడే లేదు!

సోలార్ ప్లాంటుకైతే కరెంటు అమ్మితే డబ్బు తిరిగొస్తుంది, అప్పిచ్చేవాళ్లూ దొరుకుతారు. మునగని వీధి మీద రాబడి ఏముంటుంది? అందుకే ఇలాంటివాటికి ప్రజాధనమే దిక్కు.

ప్రపంచ స్థాయిలో అంకెలు పెద్దవే. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో అన్నాయి. ఎక్కువగా ధనిక దేశాలే సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ లెక్క ప్రకారం ఆ మాట మొదటిసారి నిలబడింది 2022లో. అందులోనూ ప్రభుత్వాల సొమ్ములో ఎక్కువ భాగం అప్పులే. 2024లో బాకు సదస్సులో 2035 కల్లా ఏటా 30,000 కోట్లన్నారు. చూద్దాం.

ఇలా తట్టుకునే పనులకే ఉన్న అంతర్జాతీయ నిధి అడాప్టేషన్ ఫండ్ పద్ధతి మాత్రం నాకు నచ్చింది: గుర్తింపు పొందిన స్థానిక దేశీయ సంస్థే నేరుగా నిధులు తీసుకోవచ్చు, మధ్యలో పెద్దన్నలు అక్కర్లేదు.

అసలు చిరాకు వేరే. కట్టడానికి డబ్బిస్తారు, రేపు తూము పాడైతే మరమ్మతుకివ్వరు. ఆ సంగతి రాసిన పేరా మూడుసార్లు కొట్టేశాను. నాలుగోసారి అలాగే ఉంచి పంపేశాను.